మన జీన్స్‌లోనే ఉందంటున్న తమ్ముడికి ఏం చెప్పాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. నాకు 33 ఏళ్లు. మా నాయనమ్మ అడ్డపొగ తాగేది. చివర్లో అంగిలి మీద పుండు పడింది, క్యాన్సర్ అన్నారు, కొన్ని నెలలకే పోయింది. మా నాన్నకు ఖైనీ అలవాటు. రెండేళ్ల కిందట కుడి బుగ్గలో క్యాన్సర్ వచ్చింది. విశాఖలో ఆపరేషన్ చేసి, కరెంటు పెట్టారు. ఇప్పుడు బాగానే ఉన్నారు. ఆయన కణితికి చేసిన పరీక్షలో టీపీ53 మ్యుటేషన్ ఉందని రాశారు. అది చూసిన దగ్గర్నుంచి మా తమ్ముడు (28) 'మన జీన్స్‌లోనే ఉంది, మానేసినా వచ్చేది రాక మానదు' అంటూ గుట్కా ఇంకా ఎక్కువ నములుతున్నాడు. ఆదివారం వస్తే మందు కూడా. నాకు ఏ అలవాటూ లేదు. మాది మేనరికం. మా ఆయన మా మేనత్త కొడుకు, అంటే ఆ నాయనమ్మే ఆయనకు అమ్మమ్మ. మాకు ఏడేళ్ల బాబు. వాడికి రెండు వైపుల నుంచీ వస్తుందేమోనని నాకు నిద్ర పట్టడం లేదు. జీన్ టెస్ట్ చేయించుకుంటే ఎవరికి వస్తుందో ముందే తెలిసిపోతుందని ఒక ల్యాబ్ వాళ్లు చెబుతున్నారు. చేయించమంటారా? తమ్ముడికి ఏం చెప్పాలి?
– ఒక సోదరి

సమాధానం: అమ్మా, ముందుగా మీ సంగతి, బాబు సంగతి చెప్పేస్తాను. పొగాకు, వక్క, మందు ఏవీ ముట్టని మీరు ఇంటి చరిత్ర చూసి నిద్ర మానుకోవాల్సిన అవసరం లేదు. బాబుకూ అంతే. మీ ఇంట్లో నిజంగా ప్రమాదంలో ఉన్నది మీ తమ్ముడు. జీన్స్ అంటూ అతను చెబుతున్న మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ ఆ నిజాన్ని పట్టుకుని అతను తీసుకున్న నిర్ణయం మాత్రం పూర్తిగా తలకిందులుగా ఉంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. వీలైతే అతని చేత కూడా చదివించండి.

మీ ఇంటిల్లిపాదికీ టెన్షన్ పెట్టింది నాన్నగారి రిపోర్టు కాబట్టి అక్కడే మొదలుపెడదాం. ఆ పరీక్ష చేసింది కణితి ముక్కకు. తల్లిదండ్రుల నుంచి పుట్టుకతో వచ్చే జన్యు తేడాలు వేరు, కణితిలో కొత్తగా పుట్టే మార్పులు వేరు. టీపీ53 అనే జన్యువు మనందరిలోనూ ఉంటుంది. ఏదైనా కణంలో డీఎన్ఏ దెబ్బతింటే ఆ కణం రెండుగా చీలకుండా ఆపడం, బాగుపడే దారి లేకపోతే దాన్ని చంపేయడం ఈ జన్యువు పని. ఏళ్ల తరబడి ఖైనీ ఒరుసుకుని ఉన్న చోట, బుగ్గ లోపలి పొరలో ఏదో ఒక కణంలో టీపీ53 కూడా చెడిపోతుంది. ఇక ఆ కణానికి అడ్డూ ఆపూ ఉండదు. నోటి క్యాన్సర్ కణితుల్లో సగానికి పైగా ఈ మార్పు కనిపిస్తుంది, కాబట్టి మీ నాన్నగారి రిపోర్టులో అది ఉండడం వింతేమీ కాదు. పశ్చిమ బెంగాల్‌ కళ్యాణిలోని జాతీయ బయోమెడికల్ జీనోమిక్స్ సంస్థ, ముంబై టాటా మెమోరియల్ పరిశోధకులు కలిసి మనవాళ్ల చిగుళ్ల, బుగ్గ క్యాన్సర్ కణితుల జన్యువులను చదివి 2013లో ప్రచురించారు. అందులోనూ టీపీ53, ఫ్యాట్1, కాస్పేజ్8, హెచ్‌రాస్, నాచ్1 లాంటి జన్యువులు చెడిపోయి కనిపించాయి. అవి కణితి పెరిగే క్రమంలో వచ్చిన మార్పులు. ఆయన బుగ్గలో జరిగిన నష్టం పిల్లలకు పంచి ఇవ్వగలిగేది కాదు.

టీపీ53 పుట్టుకతోనే చెడి ఉండే కుటుంబాలు లేకపోలేదు. వాటిని లీ ఫ్రామెని కుటుంబాలు అంటారు. చాలా అరుదు. అక్కడ కథ వేరేగా నడుస్తుంది. చిన్నపిల్లల్లో ఎముకల, కండరాల క్యాన్సర్లు, మెదడు గడ్డలు, ముప్పై ఏళ్లకే రొమ్ము క్యాన్సర్, ఇలా తరం తర్వాత తరంలో కనిపిస్తాయి. మీరు రాసిన దాంట్లో అలాంటిదేమీ లేదు. అయినా మనసుకు పట్టకపోతే నాన్నగారి డాక్టర్ని ఒక్క మాట అడగండి: 'ఇది కణితికి చేసిన పరీక్షా, రక్తానికి చేసిందా?' ఆ ఒక్క ప్రశ్నతో సగం భయం తీరిపోతుంది.

ఇప్పుడు మీ ఉత్తరంలోనే ఉన్న ఇంకో విషయం చూడండి. నాయనమ్మకు వచ్చింది అంగిలికి. నాన్నగారికి వచ్చింది బుగ్గకు. అడ్డపొగ ఎలా తాగుతారో మీరు చిన్నప్పటి నుంచి చూసే ఉంటారు. చుట్ట వెలిగించి, నిప్పున్న వైపు నోట్లోకి తిప్పి, పెదాలు బిగించి పీలుస్తారు. గాలికి ఆరిపోదు, ఒక్క చుట్ట చాలాసేపు వస్తుంది. ఆ వేడి, ఆ పొగ నేరుగా తగిలేది అంగిలికే. ముందు అంగిలి తెల్లబారుతుంది, అక్కడక్కడ ఎర్రటి చుక్కలు తేలతాయి, కొన్నిచోట్ల నల్లబడుతుంది, ఆ తర్వాత పుండు. ప్రపంచంలో మిగతాచోట్ల గట్టి అంగిలికి క్యాన్సర్ రావడం అరుదు. మన ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ తాగే ఆడవాళ్లలో అది ఎంతగా కనిపించిందంటే, ఏకంగా విదేశీ నిపుణులు, మనవాళ్లు కలిసి శ్రీకాకుళం పల్లెల్లో 10,169 మంది నోళ్లు పరీక్షించి 1971లో ఒక ప్రసిద్ధ అధ్యయనం రాశారు. ఇక నాన్నగారిని అడగండి, ఖైనీ ఎటువైపు పెట్టుకునేవారని. చాలావరకు కుడివైపే అంటారు. వంశంలో ఒకే లోపం దిగుతూ వచ్చి ఉంటే, అది అలవాటు మారినప్పుడల్లా నోట్లో చోటు మార్చుకోదు కదా. పొగాకు ఎక్కడ ఆనిందో క్యాన్సర్ అక్కడే వచ్చింది.

అయితే జీన్స్ పాత్ర ఏమీ లేదని నేను చెప్పడం లేదు. ఒకే వీధిలో ఇద్దరు ముప్పై ఏళ్లు ఒకే ఖైనీ నమిలితే ఒకరికి క్యాన్సర్ వస్తుంది, రెండోవారికి రాదు. అదృష్టం, తిండి, పళ్ల శుభ్రత, ఎంత మోతాదు, ఇవన్నీ అందులో ఉంటాయి. జన్యువుల్లోని చిన్న చిన్న తేడాలు కూడా ఉంటాయి. అవి ఎలా పనిచేస్తాయో తెలిస్తే మీ తమ్ముడి వాదన ఎక్కడ తప్పిందో అర్థమవుతుంది.

పొగాకులో నైట్రోసమైన్లు అనే రసాయనాలు ఉంటాయి. పొగలో అయితే బెంజోపైరీన్ లాంటివి అదనం. ఇవి ఒంట్లోకి వచ్చినప్పుడు చాలావరకు ఉన్న రూపంలోనే హాని చేయవు. మన కణాల్లోని సీవైపీ కుటుంబపు ఎంజైములు వీటిని మార్చే క్రమంలో, డీఎన్ఏకు గట్టిగా అతుక్కునే రూపం పుట్టుకొస్తుంది. ఆ రూపాన్ని పట్టుకుని బయటకు పంపే ఎంజైములు ఇంకో జట్టు. వాటిలో ముఖ్యమైనవి జీఎస్‌టీ కుటుంబానివి. వాటిని కూడా తప్పించుకుని డీఎన్ఏకు తగిలిన దెబ్బను సరిచేసే జన్యువులు మూడో జట్టు. ఈ మూడు చోట్లా మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది. జీఎస్‌టీఎం1 అనే జన్యువు సంగతే చూడండి. కొందరికి తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా అది అసలు రాదు, ఆ చోటు ఖాళీగా ఉంటుంది. యూరప్ జాతుల్లో దాదాపు సగం మంది ఇలాంటివారే. మన దేశంలోనూ ఎంతోమంది ఉన్నారు. దానివల్ల వాళ్లకు రోజువారీ జీవితంలో ఏ ఇబ్బందీ ఉండదు. అది లేదని కూడా వాళ్లకు తెలియదు. కానీ పొగాకు వాడేవారిలో అది లేనివారికి నోటి క్యాన్సర్ ముప్పు కొంత ఎక్కువని చాలా అధ్యయనాల్లో తేలింది.

మన ఊరి చెరువును ఊహించుకోండి. కొన్ని చెరువులకు అలుగు వెడల్పుగా ఉంటుంది, కొన్నింటికి ఇరుకు. పెద్ద వరద వస్తే ఇరుకు అలుగున్న చెరువు కట్టే ముందు తెగుతుంది. వరదే రాకపోతే అలుగు ఎంత ఇరుకైనా కట్టకు ఏమీ కాదు. ఈ జన్యువుల్లో చాలావాటి తీరు ఇదే. ఒంట్లోకి పొగాకు విషం వచ్చినప్పుడే వాటి లోటు బయటపడుతుంది.

మొత్తం జన్యు పటం మీద వెతికిన పెద్ద అధ్యయనాలు కూడా ఉన్నాయి. 2016లో యూరప్, ఉత్తర, దక్షిణ అమెరికాల నుంచి ఆరువేల మందికి పైగా నోటి, గొంతు క్యాన్సర్ రోగులను, దాదాపు అంతేమంది ఆరోగ్యవంతులతో పోల్చి చూశారు. నోటి క్యాన్సర్‌కు సంబంధించి 2, 5, 9 క్రోమోజోముల మీద కొన్ని చోట్లు తేలాయి. ఐదో క్రోమోజోము మీది చోటు టెర్ట్ అనే జన్యువు పక్కన ఉంటుంది. క్రోమోజోముల చివర్లు అరిగిపోకుండా చూసేది ఆ జన్యువే. పొగాకు నమిలే మనవాళ్ల బుగ్గ క్యాన్సర్ మీద టాటా మెమోరియల్ సెంటర్ వాళ్లు చేసిన అధ్యయనంలోనూ అదే చోటు బయటపడింది. అంటే ఇది గాలి కబురు కాదు, రెండు వేర్వేరు జనాభాల్లో కనిపించిన విషయం. కానీ ఇలాంటి ఒక్కో తేడా పెంచే ముప్పు చాలా చిన్నది. వాటిలో ఏ ఒక్కటీ మనిషికి క్యాన్సర్ ఖాయమని రాసిపెట్టేది కాదు.

మందు విషయంలోనూ జన్యు తేడాలున్నాయి. తాగిన ఆల్కహాల్‌ను ఒళ్లు మొదట అసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది. డీఎన్ఏను దెబ్బతీసే విషం అది. చైనా, జపాన్, కొరియా ప్రజల్లో చాలామందికి దాన్ని తర్వాతి మెట్టుకు పంపే ఏఎల్‌డీహెచ్2 ఎంజైము బలహీనం. రెండు గుక్కలకే మొహం ఎర్రబడుతుంది. ఆ లోపం మనవాళ్లలో అరుదు. అలాగని మనవాళ్లకు మందు క్షేమమని కాదు. పొగాకూ మందూ ఒకే నోట్లో కలిసినప్పుడు ముప్పు కూడికలా పెరగదు, గుణకారంలా పెరుగుతుంది. మీ తమ్ముడి ఆదివారాలు నన్ను భయపెడుతున్నది అందుకే.

ఇక అసలు విషయం. ఇంట్లో ఒకరికి వస్తే మిగతావాళ్లకు ముప్పు ఎంత? దీన్ని లెక్కగట్టడానికి వివిధ దేశాల్లో జరిగిన 12 అధ్యయనాలను కలిపి, దాదాపు తొమ్మిది వేల మంది తల, మెడ క్యాన్సర్ రోగుల వివరాలు చూశారు. 2009లో ఫలితం వచ్చింది. తల్లిదండ్రులు, తోబుట్టువుల్లో ఎవరికైనా ఈ క్యాన్సర్ ఉంటే, మిగతావారికి వచ్చే అవకాశం మొత్తం మీద 1.7 రెట్లు. తోబుట్టువుకు వస్తే అది 2.2 రెట్లు. అంతవరకు చూస్తే మీ తమ్ముడి మాట నిజమే అనిపిస్తుంది. కానీ అదే అధ్యయనంలో రెండు ముక్కలున్నాయి. ఇంట్లో చరిత్ర ఉండి, పొగాకూ మందూ రెండూ వాడేవారికి ముప్పు ఏడు రెట్లు దాటింది. పొగాకు గానీ మందు గానీ ఎన్నడూ ముట్టనివారిలో మాత్రం ఇంటి చరిత్ర వల్ల ముప్పు పెరిగినట్టు కనిపించలేదు. మొదటి ముక్కలో మీ తమ్ముడు ఉన్నాడు. రెండో ముక్కలో మీరున్నారు. ఒకే తల్లిదండ్రుల బిడ్డలు మీరిద్దరూ.

మీ తమ్ముడితో మాట్లాడేటప్పుడు ఈ సంగతే చెప్పండి. జీన్స్ వల్ల ముప్పు ఉందనుకుంటే మానడం దండగ అనడానికి అది కారణం కాదు, అందరికంటే ముందు మానాల్సిన మనిషి తానే అనడానికి కారణం. పక్కన కూర్చుని నమిలే స్నేహితుడు మానేస్తే అతనికి ఎంత లాభమో, మీ తమ్ముడు మానేస్తే అంతకంటే ఎక్కువ లాభం. 'మా తాత తొంభై ఏళ్లదాకా చుట్ట కాల్చాడు, ఏమైంది?' అని కూడా ఎవరో అంటారు. అలాంటి తాతలు ఉన్న మాట నిజమే. కానీ తాను ఆ తాత లాంటివాడో, మీ నాయనమ్మ లాంటివాడో ముందే తెలుసుకునే దారి ఎవరికీ లేదు.

ఆ ల్యాబ్ టెస్టు సంగతికి వస్తే, వద్దు. మామూలు నోటి క్యాన్సర్ విషయంలో 'నీకు వస్తుంది, నీకు రాదు' అని చెప్పగలిగిన రక్తపరీక్ష ఈరోజు లేదు. వాళ్లు చూసేవి పైన చెప్పిన చిన్న చిన్న తేడాలనే. వాటన్నింటినీ కూడి ఒక మార్కు వేస్తారు. ఇలాంటి మార్కులు ఎక్కువగా యూరప్ ప్రజల వివరాల మీద తయారైనవి, మనవాళ్లకు అంత నమ్మకంగా అతకవు. నాకున్న పెద్ద భయం డబ్బు పోతుందని కాదు. ఒకవేళ మీ తమ్ముడికి 'తక్కువ రిస్క్' అని వచ్చిందనుకోండి, ఆ కాగితం జేబులో పెట్టుకుని ఇంకో పదేళ్లు నములుతాడు. 'ఎక్కువ రిస్క్' అని వస్తే ఎలాగూ వస్తుందని నములుతాడు. ఏది వచ్చినా మనం చెప్పే సలహా మారదు. అలాంటప్పుడు ఆ పరీక్ష ఎందుకు?

బాబు గురించి, మేనరికం గురించి మీరు అడిగింది మంచి ప్రశ్న. చాలామంది బయటకు అడగరు, లోపలే కుమిలిపోతారు. మేనరికంలో భార్యాభర్తలిద్దరికీ ఒకే పూర్వీకుల నుంచి ఒకే లోపపు జన్యువు వచ్చి ఉండే అవకాశం ఎక్కువ. అలా ఇద్దరిలోనూ ఒకే జన్యువు ఒక్కో కాపీ చెడి ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ రెండు చెడ్డ కాపీలు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. నోటి క్యాన్సర్‌తో సంబంధమున్న అలాంటి జబ్బుల్లో ముఖ్యమైనది ఫాంకోని ఎనీమియా. డీఎన్ఏ దెబ్బలను సరిచేసే జన్యువుల్లో లోపం అది. ఈ పిల్లలకు ఏ అలవాటూ లేకపోయినా, చిన్న వయసులోనే నాలుకకు, నోటికి క్యాన్సర్ వచ్చే ముప్పు మామూలు కంటే కొన్ని వందల రెట్లు. రక్తం తయారుకాక ఎముక మజ్జ మార్పిడి చేయించుకున్నవాళ్లు కూడా జీవితాంతం నోటి పరీక్ష మానకూడదు. రేడియేషన్ వాళ్ల ఒంటికి అసలు పడదు కాబట్టి, క్యాన్సర్ వచ్చాక కాకుండా ముందే ఈ జబ్బును గుర్తించడం చాలా ముఖ్యం. డిస్‌కెరటోసిస్ కంజెనిటా అనే ఇంకో అరుదైన జబ్బులో గోళ్లు వంకర్లు పోయి పెళుసుబారతాయి, మెడ మీద చర్మం వలలా నల్లబడుతుంది, నోట్లో తెల్లమచ్చలు వస్తాయి. ఇది అన్ని ఇళ్లలోనూ మేనరికం వల్ల వచ్చేది కాదు, వేర్వేరు పద్ధతుల్లో దిగుతుంది.

కాబట్టి మీ బాబులో చూడాల్సింది నాయనమ్మ క్యాన్సర్‌ను కాదు. వయసుకు తగ్గ ఎత్తు పెరుగుతున్నాడా? బొటనవేళ్లు రెండూ మామూలుగా ఉన్నాయా? ఒంటి మీద కాఫీ రంగు మచ్చలు ఎక్కువగా ఉన్నాయా? తరచూ పాలిపోవడం, చిన్న దెబ్బకే కమిలిపోవడం, ముక్కు నుంచి, చిగుళ్ల నుంచి రక్తం కారడం ఉందా? రక్తపరీక్షలో కణాల సంఖ్య తక్కువ వచ్చిందా? మీ రెండు కుటుంబాల్లో ఎవరైనా పిల్లలు రక్తం తయారుకాని జబ్బుతో పోయారా? ఇవేవీ లేకపోతే బాబు గురించి ఇక ఆలోచించకండి. ఒక్కటి ఉన్నా పిల్లల డాక్టర్‌కు చూపించి, అవసరమైతే హైదరాబాద్ నిమ్స్‌లోని మెడికల్ జెనెటిక్స్ విభాగానికి వెళ్లండి. క్రోమోజోములు ఎంత తేలిగ్గా తెగుతున్నాయో చూసే ఒక రక్తపరీక్ష ఉంది, ఫాంకోనిని దానితో పట్టుకుంటారు. జన్యు పరీక్షకు నిజంగా అర్థముండేది ఇలాంటిచోటే. అలాగే ఏ అలవాటూ లేకుండా నలభై లోపే ఎవరికైనా నోటి క్యాన్సర్ వచ్చినా జెనెటిక్స్ డాక్టర్ని ఒకసారి కలవడం మంచిది.

బాబుకు మీ ఇంటి నుంచి రాకుండా చూడాల్సింది అలవాటు. మన ఊళ్లలో 'ఒరేయ్, చుట్ట ముట్టించుకురా' అని పిల్లవాణ్ణి పొయ్యి దగ్గరికి పంపడం, 'మావయ్యకు ప్యాకెట్ తే' అని బడ్డీకొట్టుకు పంపడం మామూలు. మీ ఇంట్లో అది ఈరోజే ఆగిపోవాలి. తల్లిగా మీ చేతిలో పూర్తిగా ఉన్న పని అది.

తమ్ముడి దగ్గరికి వద్దాం. అతణ్ణి ముందు వెలుతురులో కూర్చోబెట్టి నోరు తెరవమనండి. పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య తన మూడు వేళ్లు నిలువుగా పడుతున్నాయా? రెండే పడితే, లేదా పచ్చడి మెతుకు నోట్లో పెట్టగానే మంట అంటూ కొంతకాలంగా కారం మానేసి ఉంటే, అది వక్క చేసిన పని. గుట్కాలో పొగాకుతో పాటు వక్క ఉంటుంది. దానివల్ల బుగ్గ లోపలి పొర కింద నార పట్టి, మెత్తగా ఉండాల్సిన బుగ్గ అట్టలా గట్టిపడుతుంది. తాకితే తాళ్లలా తగులుతుంది. తెల్లగా పాలిపోతుంది. దాన్ని సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. ఒకసారి వచ్చాక పూర్తిగా వెనక్కి పోవడం కష్టం, కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది. ఆ తర్వాత ప్యాకెట్ ఎటువైపు పెడతాడో ఆ బుగ్గను, కింది పెదవి లోపలి వైపును, నాలుక రెండు అంచులను, నాలుక కింద టార్చి వేసి చూడండి. గోకినా పోని తెల్లమచ్చ, ముఖమల్ గుడ్డలా కనిపించే ఎర్రమచ్చ, రెండు వారాలు దాటినా మానని పుండు, కారణం లేకుండా కదులుతున్న పన్ను, మెడలో గడ్డ, వీటిలో ఏది కనిపించినా ఆ వారంలోనే పళ్ల డాక్టర్‌కో క్యాన్సర్ ఆసుపత్రికో చూపించాలి. నొప్పి లేదని ఊరుకోవద్దు. మొదట్లో నొప్పి ఉండదు.

టార్చి వేసి నోరు చూడడం ఇంత చిన్న పని అనిపిస్తుంది గానీ, దాని విలువ రుజువైనది. 1996లో తిరువనంతపురం జిల్లాలో మొదలుపెట్టి, ఆరోగ్య కార్యకర్తలను ఇంటింటికీ పంపి 87 వేల మందికి పైగా నోళ్లు చూశారు. 2005లో ఫలితాలు ప్రచురించారు. పొగాకు, మందు అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి. జీన్ టెస్టు ఇవ్వలేనిది టార్చి లైటు ఇచ్చింది. మన దగ్గర కూడా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో 30 దాటినవారికి ఉచితంగా నోటి పరీక్ష చేసే కార్యక్రమం ఉంది. మీకు 33 కాబట్టి మీరూ చూపించుకోండి, అక్కడే రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్ష కూడా అయిపోతుంది. తమ్ముడికి 28 అని ఆగకండి. అలవాటు ఉంది, ఇంట్లో చరిత్ర ఉంది అని ఏఎన్ఎమ్‌కు చెప్పి వెంట తీసుకెళ్లండి.

మానడం విషయంలో ఒక హెచ్చరిక. చాలామంది 'తంబాకు మానేశాను డాక్టర్ గారూ' అని ఒట్టి వక్కపొడికో పాన్ మసాలాకో మారతారు. పొగాకు లేని వక్క కూడా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ సంస్థ ఎప్పుడో తేల్చింది. రెండూ మానాలి. మొదటి మూడు నాలుగు రోజులు చిరాకు, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం ఉంటాయి. అప్పుడు ఇంట్లోవాళ్లు దెప్పకూడదు. నమలాలన్న కోరిక ఒక్కసారిగా లేచినా కొన్ని నిమిషాలకు తగ్గిపోతుంది. అన్నం తిన్న వెంటనే, బండి ఎక్కేటప్పుడు, మందు పార్టీలో, ఏ సమయంలో చెయ్యి జేబులోకి పోతుందో అతనికే తెలుసు. ఆ సమయాలకు సోంపో లవంగమో దగ్గర పెట్టుకోమనండి. మందు మానకుండా గుట్కా మానడం చాలామందికి సాధ్యం కాలేదు, కాబట్టి కొన్నాళ్లు ఆదివారాల సావాసం కూడా పక్కన పెట్టాలి. చాలా ఏళ్లుగా రోజుకు చాలా ప్యాకెట్లు నమిలేవారికి నికోటిన్ గమ్, మందులు పనికొస్తాయి, డాక్టర్ సలహాతో వాడాలి. 1800-112-356 నంబరుకు ఫోన్ చేస్తే జాతీయ క్విట్‌లైన్ కౌన్సెలర్లు ఉచితంగా మాట్లాడతారు. ఆ ఫోన్ అతనే చేయాలి, మీరు చేస్తే ఉపయోగం లేదు. ఒకసారి మానలేక మళ్లీ మొదలుపెడితే తిట్టకండి. చాలామంది ఒకటికి రెండుసార్లు జారి, తర్వాతే పూర్తిగా మానారు.

మానితే ఏం తగ్గుతుంది అని అడుగుతాడు. పొగ తాగేవారి మీద జరిగిన పెద్ద లెక్క ఒకటుంది. మానిన ఒకటి నుంచి నాలుగేళ్లలోనే తల, మెడ క్యాన్సర్ల ముప్పు 30 శాతం దాకా తగ్గింది. ఇరవై ఏళ్లు దాటితే ఎన్నడూ తాగనివారి దరిదాపులకు వచ్చింది. 28 ఏళ్లకు మానేవాడికి ఆ ఇరవై ఏళ్లు చేతిలో ఉన్నాయి. మీ నాన్నగారికి ఆ అవకాశం తెలిసేసరికి ఆలస్యమైంది.

చివరిగా నాన్నగారి గురించి. ఒకసారి నోటి క్యాన్సర్ వచ్చినవారికి అదే నోట్లో వేరేచోట కొత్తగా ఇంకోటి వచ్చే అవకాశం ఉంటుంది. ఎందుకంటే పొగాకు తగిలింది ఒక్కచోటే అయినా ఆ రసం నోరంతా తిరిగింది. ఖైనీ పూర్తిగా మానారో లేదో మెల్లగా కనుక్కోండి. డాక్టర్ చెప్పిన తేదీలకు చెకప్ తప్పనివ్వకండి, బాగున్నాను కదా అని ఆయన మానేస్తానన్నా సరే. ఈసారి విశాఖకు చెకప్‌కు వెళ్లినప్పుడు తమ్ముణ్ణి కూడా బండి ఎక్కించండి. అదే ఓపీలో అతని నోరు కూడా చూస్తారు. ప్యాకెట్ ఎన్నేళ్ల నుంచి, రోజుకు ఎన్ని, ఎటువైపు పెడతాడో అతని నోటితోనే డాక్టర్‌కు చెప్పించండి.